తలుపు మూసే ముందు

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా ఉన్న ఊళ్లకు ఎండాకాలం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటితే ఇక్కడ అది పేపర్లో లోపలి పేజీ వార్త. 2015 మే వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. కాబట్టి ఇంట్లో చల్లదనాన్ని సోకుగా కొట్టిపారెయ్యడం ఈ అధ్యాయం ఉద్దేశం కాదు. ఏసీ కొనుక్కోగలిగినవాళ్లు కొనుక్కోవాలి, కూలర్ పెట్టుకోగలిగినవాళ్లు పెట్టుకోవాలి. అయితే దుకాణానికి వెళ్లినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని టన్నులు?’ అని. దానికంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటుంది. చల్లదనం కోసం మనం తలుపులూ కిటికీలూ మూస్తాం. మూశాక బయటి వేడి ఎంత ఆగుతుందో, లోపలి పొగ, చెమ్మ, దుమ్ము కూడా అంతే ఆగుతాయి. కాబట్టి గదిలో మనతోపాటు ఏం మిగిలిందన్నది ముందు చూసుకోవాలి, యంత్రం సంగతి ఆ తర్వాత. ఈ వరస తిరగబడిన ఇళ్లలో కరెంటు బిల్లూ పెరుగుతుంది, దగ్గూ తగ్గదు.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లాగి చల్లబరిచి లోపలికి వదులుతుందని చాలామంది నమ్మకం. గోడలోంచి బయటికి పోయే ఆ రెండు రాగి గొట్టాల్లో నడిచేది గాలి కాదు, గ్యాసు. ఆ గ్యాసు గదిలోని వేడిని మోసుకెళ్లి బయట వదిలి మళ్లీ వస్తుంది. గదిలో గాలి మాత్రం రాత్రంతా అదే. పది పన్నెండు అడుగుల గదిలో ఇద్దరు తలుపులు బిగించుకుని పడుకుంటే, బయట 420 పీపీఎం దగ్గర ఉండే కార్బన్ డయాక్సైడ్ తెల్లారేసరికి రెండువేలు దాటడం మామూలే. అంతమాత్రాన ప్రాణానికేమీ కాదు. గాలి ఎంతసేపటినుంచి మారలేదో చెప్పే గుర్తుగా మాత్రం దాన్ని తీసుకోవచ్చు. ఊపిరితో వచ్చింది అంత పేరుకుంటే, గదిలో కాలినదీ రాలినదీ కూడా అలాగే పేరుకుంటాయి. ఏసీ ముందు మూత తీస్తే కనిపించే ప్లాస్టిక్ జల్లెడ దారప్పోగుల్నీ వెంట్రుకల్నీ పత్తి నూగునీ పడుతుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లగలిగే పొగ రేణువు రెండున్నర మైక్రాన్లకు లోపే ఉంటుంది. అంత సన్నదానికి ఆ జల్లెడ అడ్డే కాదు.

ఇక్కడి పడకగదుల్లో రాత్రిపూట కాలే వస్తువు దోమల కాయిల్. చైనా, మలేసియా కాయిల్స్ కొన్నింటిని పరీక్షించి 2003లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత. వసారాలో పెట్టుకుంటే అందులో ఎక్కువభాగం గాలికి పోతుంది. అదే కాయిల్‌ని ఏసీ గదిలో మంచం కింద పెట్టి తలుపు మూస్తే పోవడానికి దారే లేదు. సిగరెట్ ముట్టని ఇంట్లో పసిపిల్ల రాత్రంతా ఆ పొగ పీల్చుతుంది.

దీనికి ఎదురుగా వచ్చే ప్రశ్న న్యాయమైనదే. భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం వైపు మలేరియా ఊరికే భయపెట్టే మాట కాదు, డెంగీ కూడా ఏటా వస్తుంది. కాయిల్ మానేసి జ్వరం తెచ్చుకోమంటారా? అనను. దోమను ఆపాలి, పొగ లేకుండా ఆపాలి. ఏజెన్సీ గ్రామాల్లో మందు పట్టించిన దోమతెరలు ప్రభుత్వమే పంచింది. అవి పెట్టెలో మడతల్లో ఉంటే లాభం లేదు, మంచానికి నాలుగు మూలలా కట్టి పరుపు కింద దోపాలి. కిటికీకి దోమల జాలీ కొట్టించడం ఒక్కసారి ఖర్చు. జాలీ ఉన్న కిటికీని రాత్రి తెరవచ్చు, అంటే దోమా ఆగింది, గాలీ మారింది. కాయిల్ తప్పనిసరి అయిన రోజున సాయంత్రం మనుషులు లేనప్పుడు వెలిగించి, పడుకునే ముందు ఆర్పి, పావుగంట తలుపులు తీసి, అప్పుడు మూసుకోవాలి. అగరుబత్తికీ, ఆరోగ్యానికి మంచిదని వేసే సాంబ్రాణి ధూపానికీ ఇదే నియమం. భక్తికి అడ్డం చెప్పడం లేదు, కిటికీ తీయమంటున్నానంతే.

పడకగది తర్వాత వంటిల్లు. నిజానికి పొగ విషయంలో దానిదే మొదటి స్థానం. కట్టెల పొగ వంటి ఇంటి పొగల వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 30 లక్షల మంది ఆయుష్షు తీరకుండానే పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పిల్లల న్యుమోనియా, ఆడవాళ్లలో ఏళ్లతరబడి తగ్గని ఆయాసం, కంటిశుక్లం ఆ ఖాతాలోవే. గ్యాసు మనకు కొత్తదేం కాదు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016 మేలో ఉజ్జ్వల, 2024 ఫిబ్రవరిలో తెలంగాణలో 500 రూపాయల సిలిండర్ వచ్చాయి. అయినా గ్యాసుపొయ్యి వచ్చిన ఇంట్లో కట్టెలపొయ్యి పోలేదు. టీకీ కూరకీ గ్యాసు, స్నానాల నీళ్లకీ దాణాకీ పదిమంది వచ్చినప్పుడు అన్నానికీ కట్టెలు. అడవి అంచున కట్టె ఏరుకుంటే దొరుకుతుంది, సిలిండర్‌కు డబ్బు కట్టాలి. ఈ లెక్క ఇల్లాలికి మనకన్నా బాగా తెలుసు, ఆమెకు పాఠం చెప్పనక్కర్లేదు. చెప్పవలసిందల్లా పొయ్యి ఉన్న చోటు గురించి. అదే కట్టె పెరట్లో చూరు కింద మండితే పొగ ఆకాశానికి పోతుంది. పడకగదిలోకి తలుపున్న వంటింట్లో మండితే ఆ గది కూడా వంటిల్లే అవుతుంది. నీళ్లపొయ్యిని గోడ బయటికి తరలించడానికి నాలుగు ఇటుకలు, ఒక రేకుముక్క చాలు. ఎండు కట్టె, పచ్చి కట్టె తేడా కూడా చిన్నది కాదు. తడికట్టె మంట బలంలో కొంత నీళ్లను ఆవిరి చెయ్యడానికే పోతుంది, సరిగా కాలక లేచే పొగ ఊదుగొట్టం పట్టినవాళ్ల కళ్లలోకి వస్తుంది. వానాకాలానికి కావలసిన కట్టెను మేలోనే కప్పు కింద పేర్చుకోవాలి.

పొగకూ పని ఉందని కోయ గూడేల్లో పెద్దలంటారు. అదీ నిజమే. పొయ్యి మీది అటకకు కట్టిన మొక్కజొన్న పొత్తులకు పురుగు పట్టదు, మసి పట్టిన వెదురు చెదలకు లొంగదు, గడ్డికప్పు ఎక్కువకాలం నిలుస్తుంది. తడిక గోడల ఇంట్లో, మట్టిపూత రాలిన సందుల్లోంచీ చూరు కిందనుంచీ పొగ తప్పించుకునేది కూడా. ఇబ్బంది ఎక్కడ మొదలైందంటే, ఇల్లు మారింది, పొయ్యి మారలేదు. తడిక పోయి ఇటుకగోడ వచ్చింది, చూరు పోయి స్లాబు వచ్చింది, పొగ పోయే సందులన్నీ సిమెంటుతో మూసుకుపోయాయి. ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న ప్రారంభించింది భద్రాచలంలోనే. అయిదు లక్షల సాయంతో ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు ఇప్పుడు స్లాబు కిందికి మారుతున్నాయి. వాళ్లు మేస్త్రీతో ముగ్గు పోసేరోజే మాట్లాడుకోవలసినవి మూడున్నాయి: వంటింటికి ఎదురెదురుగా రెండు తెరుపులు, పైన స్లాబుకు ఆనుకుని ఒక వెంటిలేటర్, కట్టెలపొయ్యికి బయట చోటు. గోడ లేచాక వెంటిలేటర్ కోసం ఇటుకలు పగలగొట్టించడం కంటే కట్టేటప్పుడే రెండు ఇటుకలు వదిలెయ్యమనడం చవక. విత్తనాల అటక కావాలనుకుంటే, బయటి పొయ్యి మీదే కట్టుకోవచ్చు.

ఇక వేడి. అది కిటికీలోంచి వస్తుందనుకుంటాం. ఒకే అంతస్తు ఇంట్లో పెద్దభాగం నెత్తిమీదనుంచి దిగుతుంది. స్లాబు పగలంతా ఎండ తాగి, కొన్ని గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. అందుకే మధ్యాహ్నం కన్నా రాత్రి తొమ్మిదింటికి గది ఎక్కువ ఉడుకుతుంది. ఆ వేళ మంచం మీద నిలబడి సీలింగుకు చెయ్యి ఆనిస్తే ఈ సంగతి అరచేతికే తెలుస్తుంది. ఆ స్లాబు కింద ఏసీ వెయ్యడం పొయ్యి ఆర్పకుండా గిన్నెలో చన్నీళ్లు పోస్తూ ఉండటమే. హైదరాబాద్‌లో జరిపి 2012లో ప్రచురించిన ఒక కొలతల అధ్యయనంలో, మామూలు కాంక్రీటు డాబాకు తెల్లపూత వేస్తే చల్లదనానికయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. నల్లని కప్పు తెల్లబడితే 26 శాతం దాకా తగ్గింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్న ఆలోచన ఇదే. 600 గజాలలోపు స్థలంలోని ఇళ్లకు అది ఐచ్ఛికం, కాబట్టి ఖమ్మంలో మామూలు ఇంటికి ఎవరూ వచ్చి వెయ్యమనరు. మనమే వేసుకోవాలి. ఖరీదైన కూల్ పెయింటు లేకపోతే సున్నంలో జిగురు కలిపి ఫిబ్రవరి చివర రెండు పూతలు వెయ్యండి. వానలకు కొట్టుకుపోతుందన్న ఫిర్యాదు నిజమే, వచ్చే ఏడు మళ్లీ వెయ్యాలి. కట్టెలు మేలో పేర్చినట్టే ఇదీ ఏటా చేసే పని. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లే అలవాటు పనిచేస్తుంది గాని, బోరు అడుగంటే మే నెలలో ఆ నీళ్లెక్కడివి?

రేకుల ఇంట్లో ఉండేవాళ్లకు సున్నం ఇంకా ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే రేకు వేడిని నిలవ పెట్టదు, తగిలిన క్షణమే కిందికి దించుతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. రేకు బాగున్నంతకాలం ఫరవాలేదు. దాన్ని గీకడం, కొయ్యడం, పొడిగా డ్రిల్లు పెట్టడం చేస్తే కంటికి కనపడని నారలు గాల్లోకి లేస్తాయి, వాటివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. పూత వేసేముందు నాచును వైరు బ్రష్షుతో రుద్దకుండా, తడిపి గుడ్డతో తుడవాలి. విరిగిన ముక్కల్ని పొడిచేసి వాకిట్లో పరవకూడదు.

యంత్రాల్లో ముందు కూలర్ సంగతి, ఎందుకంటే ఈ జిల్లాల్లో ఎక్కువ ఇళ్లలో ఉన్నది అదే. ఏప్రిల్‌లో 45 డిగ్రీలు, తేమ 15 శాతం ఉన్న మధ్యాహ్నం, మంచి గడ్డి ఉన్న కూలర్ 29, 30 డిగ్రీల గాలి ఇవ్వగలదు. అదే కూలర్ జులైలో 35 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్నప్పుడు 31కి దించితే గొప్ప, దానికితోడు గదిని చెమ్మతో నింపుతుంది. యంత్రం చెడిపోలేదు, గాలి మరింత నీటిని పుచ్చుకోలేకపోతోందంతే. తొలకరి పడ్డాక కూలర్లో నీళ్లు ఆపి ఫ్యానుగానే వాడుకోవాలి. ఏసీతో తేడా ఏమిటంటే కూలర్‌కు ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి, లేకపోతే తేమ బయటికి పోదు, రెండో గంటకే ఒళ్లు జిడ్డు కడుతుంది. ఒకరకంగా కూలర్ పేదవాడికి దొరికిన మంచి బేరం. చల్లబరుస్తూ గాలిని కూడా మారుస్తుంది. కానీ వారానికోసారి తొట్టి పూర్తిగా వంచి, పక్కల్ని కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దాలి. డెంగీ దోమ గుడ్డు తొట్టి గోడకు అంటుకుని ఎండలో కూడా నెలలకొద్దీ బతుకుతుంది, ఊరికే నీళ్లు మారిస్తే పోదు. బోరు నీళ్ల ఉప్పు గడ్డి మీద గట్టిపడితే గాలి దూరదు, ఏటా గడ్డి మార్చాల్సిందే. నీళ్లు పోసేముందు ప్లగ్గు పీకాలి. ఎర్తింగు లేని రేకు కూలర్ తడిచేత్తో ముట్టుకుని పోయిన ప్రాణాలు ప్రతి ఎండాకాలం పేపర్లో కనిపిస్తూనే ఉంటాయి. ఫ్యాను సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: గదిలో 40 డిగ్రీలు దాటాక ఒట్టి ఫ్యాను వేడిగాలినే ఒంటికి కొడుతుంది. అప్పుడు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటూ ఉండాలి, ముసలివాళ్లను చల్లటి చోటికి మార్చాలి.

ఏసీ దగ్గర జనం ఎక్కువ నష్టపోయేది ‘గ్యాసు’ మాట దగ్గర. ఏడాదికోసారి గ్యాసు కొట్టించాలన్నది ఊరంతా నమ్మే మాట. ఏసీలో గ్యాసు మోటారుబండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కారే చోటు పట్టకుండా నింపితే వచ్చే ఎండాకాలానికి మళ్లీ అదే బిల్లు. కాబట్టి మెకానిక్‌ను ‘ఎక్కడ లీకుందో చూపించు’ అని అడగండి. సబ్బునురుగు పెట్టి బుడగ చూపిస్తే డబ్బులివ్వండి. లీకు మూసి, గొట్టాల్లో గాలి మొత్తం పంపుతో లాగేసి, యంత్రం మీది పట్టీలో రాసినంత బరువు తూచి నింపాలి. కొత్త యంత్రాల్లోని ఆర్-32, ఆర్-290 గ్యాసులకు మంట అంటుకునే గుణముంది, అందులో ఆర్-290 అంటే ప్రొపేనే. పక్కన బీడీ వెలిగించే మెకానిక్‌ను పంపించెయ్యండి. చల్లదనం తగ్గిన ఏసీల్లో చాలావాటికి అసలు కారణం మట్టే. లోపలి జల్లెడను పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టడం ఇంట్లో పెద్దపిల్లలు చెయ్యగల పని. పత్తి, మిర్చి ఇంట్లో ఉన్న నెలల్లో వారానికోసారి చెయ్యాలి. ఏడాదికోసారి, ఫిబ్రవరిలో మెకానిక్‌లు ఖాళీగా ఉన్నప్పుడే, లోపలి కాయిల్, నీళ్ల గొట్టం, బయటి యూనిట్ కడిగించాలి. ఆ నీళ్లగొట్టం పూడితే నీరు గోడలోకి దిగి బూజు పడుతుంది, ఏసీ వెయ్యగానే వచ్చే ముక్క వాసన అదే. 2020 నుంచి స్టార్ ముద్ర ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా అమ్ముతున్నారు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని, స్టార్ ముద్రలిచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతుంది. 26 పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పితే దుప్పటి వెతుక్కోనక్కర్లేదు.

‘బయటి గాలే పాడైనప్పుడు కిటికీ తెరవమంటారేం’ అని పాల్వంచ, మణుగూరు, ఇల్లందు వాళ్లు అడగొచ్చు. థర్మల్ కేంద్రాలు, ఓపెన్‌కాస్టు గనులు, బొగ్గు లారీలు ఉన్న చోట ఆ ప్రశ్న సరైనదే. అడవి పక్క ఊళ్లవాళ్లు ‘మా గాలికేం’ అంటారు గాని, ఇప్పపువ్వు ఏరడానికి చెట్టుకింద ఆకులు కాల్చే మార్చిలోనూ, తునికాకు చిగుళ్ల కోసం పొదలు తగలబెట్టే రోజుల్లోనూ అక్కడా పొగ కమ్ముతుంది. జవాబు కిటికీ ఎప్పుడూ తెరవమనీ కాదు, ఎప్పుడూ మూయమనీ కాదు. లారీల రద్దీ, చుట్టుపక్కల మంటలు లేని గంట చూసి ఎదురెదురు కిటికీలు తీయాలి. వేసవిలో తెల్లవారుజాము చాలా ఇళ్లకు కలిసొస్తుంది, స్లాబు కూడా అప్పుడే చల్లారుతుంది. ఎండెక్కేలోపు మూసేసి, కిటికీ బయటివైపు వట్టివేళ్ల తడికో గోనెపట్టానో వేలాడదియ్యాలి. దుమ్మున్న వీధిలో చీపురు మానేసి తడిగుడ్డతో తుడవడం కూడా గాలి బాగు చెయ్యడమే. హెపా ఫిల్టర్ ఉన్న ప్యూరిఫయర్ ఆస్తమా పేషెంటున్న గదికి ఉపయోగమే, కానీ వంటిల్లు పొగలు కక్కుతూ ఉంటే దాని ఫిల్టర్లు మార్చడానికే జీతం పోతుంది. మొక్కలంటారా? 1989లో నాసా పరీక్ష చేసింది మూసిన చిన్న పెట్టెల్లో. మామూలు ఇంట్లో అంత ఫలితం రావాలంటే చదరపు మీటరుకు పదినుంచి వెయ్యి కుండీలు కావాలని 2019లో లెక్క కట్టారు. అందం కోసం పెంచుకోండి.

పురుగుమందు డబ్బాల గురించి ఒక మాట. పత్తి, మిర్చి రైతుల ఇళ్లలో అవి మంచం కిందో బియ్యం బస్తాల పక్కనో ఉంటాయి. మూత బిగించినా వాసన వస్తోందంటే గాల్లోకి మందు వస్తోందని అర్థం. ఆ గదిని ఏసీ గది చెయ్యకముందు వాటిని తాళం ఉన్న కొట్టంలోకి మార్చాలి. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా అంతే, చార్జింగులో దానినుంచి వచ్చే హైడ్రోజన్ మూసిన పడకగదిలో చేరకూడదు.

చలికాలంలో ఇక్కడ హీటర్లు కొనేవాళ్లు తక్కువ. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఏజెన్సీలో చలి గట్టిగానే ఉంటుంది కాబట్టి బొగ్గుల కుంపటి గదిలోకి వస్తుంది. ఇందులో సర్దుబాటుకు చోటు లేదు. నివురుగప్పిన బొగ్గు పొగ రాకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి రంగూ వాసనా లేవు, పడుకున్నవాళ్లు లేవరు. కుంపటిని వసారాలోనే కాచుకుని, పడుకునే ముందు అక్కడే ఆర్పి, లోపలికి దుప్పటి తీసుకెళ్లాలి.

గోదావరి ఒడ్డు ఇళ్లకు ఇంకో లెక్క ఉంది. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. 2022 జులై 16న నీళ్లు 71 అడుగులు దాటాయి. వరద తీశాక గోడలు నెలలు చెమ్మ పట్టి ఉంటాయి, ఆ చెమ్మ మీద లేచే బూజు ఆయాసం ఉన్నవాళ్లకు చేటు. తొందరపడి రంగు వేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. బీరువాలు గోడకు జానెడు దూరం జరిపి, ఎండకాసే గంటల్లో అన్నీ తెరిచి, ఊడిన పూతను తడిపి గీకేసి, గోడ పూర్తిగా ఆరాకే సున్నం వెయ్యాలి. పరుపులు నీళ్లలో మునిగితే పారెయ్యక తప్పదు. మునిగిన ఏసీ బయటి యూనిట్‌ను, కూలర్ మోటారును ఎండబెట్టి స్విచ్చి వేసి చూద్దాం అనుకోకండి. ఎలక్ట్రీషియన్ వైర్లు, ఎర్తింగు పరీక్షించేదాకా మెయిన్ దించే ఉంచాలి. మళ్లీ బిగించేటప్పుడు బయటి యూనిట్‌ను నేలమీద కాకుండా, గోడమీద ఆ ఏటి వరద మరక కంటే పైన బ్రాకెట్ కొట్టించి పెట్టించండి.